కాలు పట్టని కారు

వీధి మొదట్లో స్పీడ్‌బ్రేకరు దగ్గరే సగం పరువు పోయింది. కారు పొట్ట సిమెంటుకి గీసుకుని కీచుమంది. తమ్ముడి ప్రాణం ఉసూరుమంది. ఆ చప్పుడుకి వీధి వీధంతా బయటికొచ్చింది.

నారింజ రంగు కారు. నేలకి జానెడు ఎత్తు. రెండే సీట్లు. ఇంజను వెనక, డిక్కీ ముందు. గంటకి మూడు వందల కిలోమీటర్లు పోతుందట. ఆ సందులో మాత్రం సైకిలు మీద ఓ ముసలాయన దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు. టైలరు కదా, ఎదురుపడ్డ మనిషిని కళ్ళతోనే కొలిచేస్తుంది.

“ఆ చొక్కా ఎవరు కుట్టార్రా? భుజాలు జారిపోతున్నాయి.”

“యూనిఫాం అక్కా. అందరికీ ఒకటే సైజు.”

“మీ సారునడిగి కారు తెస్తానన్నావు. ఇదేనా?”

“పెద్ద కారు షెడ్డులో ఉంది. ఇదొక్కటే దొరికింది” అన్నాడు తమ్ముడు, తలెత్తకుండా.

లోపల బావ ఎప్పుడో తయారైపోయాడు. స్టూలు మీంచి పడి కాలు విరిగింది. తొడ నుంచి పాదం దాకా పిండికట్టు. ఇవాళ అది విప్పించాలి. డాక్టరు మధ్యాహ్నం దాకానే ఉంటాడు. తప్పితే మళ్ళీ వచ్చే వారమే.

కారు తలుపు రెక్కలా పైకి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బావ కూర్చుంటే కాలు బయట ఉండిపోయింది. కాలు లోపల పెడితే బావ బయట ఉండిపోయాడు.

“ముందు కాలుని పంపించెయ్యండి, నేను వెనకాల వస్తాను” అన్నాడు బావ చెమటలు కక్కుతూ.

వీధి ఘొల్లుమంది. తమ్ముడు సీటు వెనక్కి జరిపాడు, వంచాడు, పీకినంత పనిచేశాడు. లాభం లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

“ఎంతేంటి ఇది?” అనడిగాడు పక్కింటి కూరగాయల వ్యాపారి.

“ఎంతైతేనేం?” అంది అక్క. “బియ్యం బస్తా పట్టదు, మనిషి కాలు పట్టదు. మీ సారుకి డబ్బు ఎక్కువైందో, బుర్ర తక్కువైందో! ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా చెప్పడానికి?”

“ఒక అక్క ఉంది. ఆవిడకి చెప్పి ఉండడు.”

“ఏం? తెలిస్తే ఏదో ఒకటి అడుగుతుందని భయమా?”

తమ్ముడు కారు తలుపు కిందికి దించాడు. చెవులు కాలిపోతున్నాయి.

“పోయినేడు నా షాపు మూతపడితే నిన్నేమైనా అడిగానా? డ్రైవరువి, నువ్వు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తావులే అని ఊరుకున్నాను.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

చివరికి కూరగాయల వ్యాపారే తన వ్యాను తెచ్చి ఆపాడు. బస్తాలు పక్కకి నెట్టి మధ్యలో బావని పడుకోబెట్టారు. బావ కాలు బారజాపుకుని, “రాజభోగం!” అన్నాడు.

“నేనూ వస్తానక్కా.”

“వద్దు. దీన్నిక్కడ వదిలేస్తే పిల్లలు గీకేస్తారు. జాగ్రత్తగా తీసుకెళ్ళు.”

వ్యాను ఎక్కబోతూ అక్క ఆగింది. దగ్గరికొచ్చి, జారిపోయిన ఆ అరువు చొక్కా భుజం సరిచేస్తూ, వీధికి వినపడకుండా అంది:

“ఇంకోసారి కారు కొనేముందు, కనీసం నీ డ్రైవర్నయినా ఓ మాట అడగరా.”