తొమ్మిదో చక్రవర్తి

"ఈ పన్నెండు మందిలో ఒకరు పాతవాళ్ళు కారు. ఎవరో చెప్పండి చూద్దాం" అంది మార్గరెట్.

ఉషశ్రీ టీ కప్పుల ట్రే బల్లమీద పెట్టింది.

వెల్లింగ్టన్‌లో కొండమీది పాత ఇల్లు మార్గరెట్‌ది. హాలు గోడ పొడవునా రోమన్ చక్రవర్తులు. జూలియస్ సీజర్‌తో మొదలై వరసగా పన్నెండు మంది. అయిదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో వేసిన బొమ్మలకు నకళ్ళవి. అసలువి ఎప్పుడో స్పెయిన్‌లో మంటల్లో పోయాయి. ఈ నకళ్ళు మార్గరెట్ ముత్తాతతో ఓడలో వచ్చాయి.

రెండేళ్ళ కిందట పైకప్పు కారి, తొమ్మిదోవాడు విటెల్లియస్ బూజుపట్టి పోయాడు. సోమవారం నుంచి ఇల్లు జనానికి చూపించాలి. గోడమీద ఒక ఫ్రేమ్ ఖాళీ. విశాఖలో పెయింటింగ్ చదువుకుని, పదకొండేళ్ళుగా కుంచె పక్కనపెట్టిన ఉషశ్రీ పాత ఫోటో చూసి అయిదు నెలల్లో ఆ బొమ్మ వేసి ఇచ్చింది.

మార్గరెట్ షరతు ఒక్కటే. ఆక్లండ్ నుంచి నిపుణుడు వస్తాడు. కొత్తది ఏదో ఆయన కనిపెట్టలేకపోతే ఈ బొమ్మల బాగోగులు చూసే ఉద్యోగం ఉషశ్రీది. కనిపెడితే లేదు.

వచ్చినాయన పేరు మధుసూదనరావు. అరవై అయిదేళ్ళుంటాయి. కాకినాడ మనిషి.

"ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఫ్రేములు కట్టే షాపులో చేశానండీ. గాలి అప్పుడూ ఇంతే. గొడుగు తెరిస్తే మనిషి హార్బర్‌లో తేలేవాడు!" అన్నాడు నవ్వుతూ.

ఉషశ్రీ భర్త ఉదయభాస్కర్ ఆమె చెవిలో గొణిగాడు. "మనవాడే ఉషా! జాబ్ నీదే."

"మనవాడు కాబట్టే నా భయం."

ఏ ముఖం గీసినా సరే, చివర్లో చెవి కింద ఒక దిష్టి చుక్క పెట్టందే ఉషశ్రీ కుంచె కడగదు. కాలేజీ రోజుల నుంచీ అంతే. విటెల్లియస్‌కీ పెట్టేసింది. పైగా ఆ రెండు మడతల గడ్డం కోసం ఉదయభాస్కర్‌నే కూర్చోబెట్టింది. ఇంకెవరైనా ఆ చుక్కను ఈగ మచ్చ అనుకుంటారు. తెలుగువాడు అనుకోడు.

మధుసూదనరావు భూతద్దం తీశాడు. మొదటి నుంచి వరసగా ఒక్కొక్కరినీ చూస్తూ నడిచాడు. ఆరో బొమ్మ దగ్గర కాస్త ఆగి కదిలాడు. తొమ్మిదో దాని దగ్గర నిలబడిపోయాడు. ముందు గడ్డం చూశాడు. తర్వాత చెవి. భూతద్దం అక్కడే ఆగింది.

తల తిప్పి ఉదయభాస్కర్ గడ్డం చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు.

"అమ్మా, ఆయనకి డాడీ దొరికిపోయాడు" అంది పదేళ్ళ అక్షర.

"ష్!"

మధుసూదనరావు వెనక్కి నడిచి ఆరో బొమ్మ ముందు ఆగాడు.

"ఇదిగో, నీరో. ఇతను పాతవాడు కాడు."

మార్గరెట్ పగలబడి నవ్వింది.

"నీరోనా! మా ముత్తాతతో పాటు ఓడ దిగాడండీ! నేను పుట్టకముందు నుంచీ ఆ మేకుకే వేలాడుతున్నాడు! ఫ్రేమ్ బాగుచేయించడానికి ఒక్కసారి షాపుకి వెళ్ళొచ్చాడంతే!"

"నా మాట అదేనండీ. మార్చుకోను."

"అయితే ఓడిపోయారు!"

"ఓడిపోతే ఇంకో కప్పు టీ ఇస్తారా?" అన్నాడాయన హాయిగా.

మార్గరెట్ ఉషశ్రీని కౌగిలించుకుంది. అక్షర చప్పట్లు కొట్టింది. ఉదయభాస్కర్ విటెల్లియస్ పక్కన నిలబడి, గడ్డం పైకెత్తి ఫోటో తీయించుకున్నాడు.

ఉషశ్రీ మాత్రం ఆయన్ని గుమ్మం దగ్గర పట్టుకుంది.

"మీరు చుక్క చూశారు కదండీ?"

"చూశానమ్మా. గడ్డం కూడా చూశాను. మీ ఆయన్ని తిండి తగ్గించమనండి."

"జాలిపడి అబద్ధం చెప్పారా? అలాగైతే నాకీ జాబ్ వద్దండీ. ఇప్పుడే మార్గరెట్‌కి చెప్పేస్తాను."

"అబద్ధమా! ఈ వయసులో నాకెందుకమ్మా ఆ పని?" టోపీ ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడాయన. "మీ చెయ్యి మంచిది. నిజంగా అంటున్నాను. ఒక్క సలహా. సోమవారం నీరోతో మొదలుపెట్టండి. మెడ దగ్గర దుమ్ము బాగా పేరుకుంది."

టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ శని ఆదివారాలు ఉషశ్రీ బెండకాయ ముక్కలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి తరిగింది.

"మనవాడు కదా అని చిన్న హెల్ప్ చేశాడు. తప్పేముంది?" అన్నాడు ఉదయభాస్కర్.

"నేను వేసిన బొమ్మ గెలవాలండీ. మనవాళ్ళన్న అభిమానం కాదు."

"మరి మార్గరెట్‌కి చెప్పేస్తావా?"

"చెప్పేస్తాను. సోమవారం వెళ్ళగానే."

సోమవారం వెళ్ళేసరికి మార్గరెట్ ఇంకా మేడ దిగలేదు. ఊరికే నిలబడలేక ఉషశ్రీ దూది తడిపి, నీరో మెడ మీది దుమ్ము తుడిచింది.

చెవి కింద మిరియపు గింజంత నల్ల చుక్క తేలింది, దాని పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో, తెలుగులో, 'మధు' అని సంతకం.