ఇరవై మంది క్లాసు

“ఇరవై తలకాయలు కనవడాలె సుమలతా! తనిఖీకి వచ్చేటాయన ఎప్పుడొస్తడో మనకు తెల్వది. గా రోజు పందొమ్మిది మంది ఉన్నా బ్యాచ్ ఎత్తేస్తరు. బ్యాచ్ లేకుంటే నీ నౌకరి గూడ లేనట్టే.”

శిక్షణ కేంద్రం మేనేజర్ ధనుంజయ్‌కి మెల్లగా మాట్లాడటం చేతకాదు. ఆఫీసుకూ క్లాసుకూ మధ్య అడ్డం ఒక్క ప్లైవుడ్ చెక్క. సుమలత సిగ్గుతో చితికిపోయింది. కళ్ళు తుడుచుకుని, ముఖాన నవ్వు తెచ్చిపెట్టుకుని క్లాసులోకి వెళ్ళింది.

రిజిస్టర్‌లో నలభై పేర్లున్నాయి. ఎదురుగా ఉన్నది తొమ్మిది మంది. అందరూ నలభై ఐదు దాటినవాళ్ళే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక హమాలీ, మేస్త్రీ పని, ఏది దొరికితే అది చేసుకుంటూ బతుకు ఈడుస్తున్న మనుషులు. సోలార్ పలకలు బిగించే పని నాలుగు నెలల్లో నేర్పుతామనీ, ఆ తరవాత హైదరాబాద్ కంపెనీ ఒకటి ఉద్యోగాలిస్తుందనీ ఇల్లిల్లూ తిరిగి చెప్పి చేర్పించింది సుమలతే.

ఆమె రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వస్తుంది. ఇది మూడో కాంట్రాక్టు కొలువు. మొదటి రెండూ సగంలోనే పోయాయి. మంచం పట్టిన తండ్రికీ, ఇంటర్ చదివే చెల్లెలికీ ఆమె జీతమే దిక్కు. ఇది కూడా పోతే ఇల్లు గడిచే దారి లేదు.

“రాజనర్సన్నా, మిగిలినోళ్ళు ఎందుకొస్తలేరు?” అని అడిగింది.

రాజనర్సు ఒకప్పుడు ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకునేవాడు. తల గోక్కున్నాడు. “కూలికి పోతున్నరు మేడం. గీ వయసుల బళ్ళె కూసుంటె ఇంట్ల పొయ్యెట్ల అంటుకుంటది?”

అబద్ధం కాదు. పైగా సుమలత పాఠం కూడా చిన్నపిల్లల బడిలాగే ఉండేది. బోర్డు మీద ఆమె రాస్తుంది, వాళ్ళు గీస్తారు. గోడకు చెప్పుకున్నా అంతే. తలలు నెరిసిన మనుషుల చేత ఓనమాలు దిద్దిస్తే ఎవరు మాత్రం కూర్చుంటారు?

మర్నాడు ఆమె చాక్‌పీస్ పక్కన పెట్టేసింది.

“అన్నా, బాయిలర్ల ప్రెషర్ ఎక్కువైందని గేజీ చూడకముందే మీకెట్ల తెలిసేది?”

రాజనర్సు లేచి నిలబడ్డాడు. అరగంట చెప్పాడు. ఆ అరగంటలో అతని నడుము వంపు కూడా పోయినట్టనిపించింది. అతను ఆపిన చోట అందుకుని సుమలత వోల్టేజీ గురించి చెప్పింది. ఆ మర్నాడు పాత ఫిట్టర్ ఇషాక్‌ని డాబా ఎక్కించి, నట్లు బిగించడం అతని చేతే చెప్పించి, తను అందరితో కలిసి కింద కూర్చుని వింది. తప్పు చేసినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదని కట్టడి పెట్టింది. రాత పరీక్ష తీసేసి, పాడైన సోలార్ పలక ముందు పెట్టి బాగుచేయమంది.

వారం తిరిగేసరికి క్లాసులో ఇరవై మంది!

అప్పట్నుంచి ఒక్కరోజూ తగ్గలేదు. సోమవారం కనిపించిన ముఖాలు మంగళవారం ఉండవు గానీ, లెక్కపెడితే సరిగ్గా ఇరవై. కొందరి గోళ్ళలో సిమెంటు, కొందరి జుట్టులో రైస్ మిల్లు తవుడు. తెల్లారగట్లే ఒక పూట పని చేసి వచ్చినవాళ్ళు బెంచీ మీదే కునికేవారు. ఇంత కష్టంలోనూ చదువు మీద ఇంత మక్కువా అని సుమలత గుండె నిండిపోయేది.

ఒకరోజు ఇషాక్ జ్వరంతో వణుకుతూ వచ్చాడు.

“జరమొస్తే ఇంటికాడ పండాలె గదన్నా?”

“ఎట్ల పండుత మేడం? ఇయ్యాల నా వంతాయె.”

తను ఒక్కొక్కరికీ ఒక్కో రోజు పాఠం అప్పగించింది కదా, ఆ సంగతి అనుకుంది సుమలత. అతనికి టీ తెప్పించి ఇచ్చింది.

మూడో నెలలో తనిఖీ అధికారి రానే వచ్చాడు. తలలు లెక్కపెట్టుకుని సంతోషంగా వెళ్ళాడు. సుమలత కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. “ఏం మంత్రమేసినవమ్మా?” అన్నాడు ధనుంజయ్. పెద్దవాళ్ళకు పాఠమెలా చెప్పాలో మిగతా టీచర్ల కోసం రాసిమ్మన్నాడు. ఆమె మురిసిపోతూ నాలుగు పేజీలు రాసిచ్చింది.

కోర్సు చివరి వారంలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ముప్పై అయిదేళ్ళు దాటినవాళ్ళను తీసుకోరట.

సుమలత ఆ కాగితం పట్టుకుని క్లాసులోకి వెళ్ళింది. తన మాట నమ్మి కూలి పోగొట్టుకున్న మనుషులు. వాళ్ళ ముఖాల్లోకి చూడలేక బల్లవైపు చూస్తూ చదివింది. తిడతారనుకుంది. తిట్టినా బాగుండుననిపించింది. ఎవరూ కదల్లేదు. కనీసం ఆశ్చర్యపోనూ లేదు.

“నన్ను మాఫ్ చేయుండ్రి. నాకు గిది తెల్వదు,” అంది ఏడుస్తూ.

“మాకెర్కే మేడం,” అన్నాడు రాజనర్సు నెమ్మదిగా. “ఇషాక్ మేనల్లుడు ఆదిల్ గా కంపెనీలనే పనిజేస్తడు. మొదటి నెలలనే జెప్పిండు.”

సుమలత చేతిలోని కాగితం బల్ల మీద పెట్టి తలెత్తింది.

“మొదటి నెలలనేనా? మరి కూలి ఇడ్సిపెట్టి ఇన్ని దినాలు ఎందుకొచ్చిండ్రన్నా?”

రాజనర్సు ఒకసారి ఇషాక్ వైపు చూశాడు. ఇషాక్ తల వంచుకున్నాడు.

“నీ నౌకరన్న పోవద్దని, బిడ్డా.”