పన్నెండింటి పందెం

వెనక ఎర్రకారువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. లైట్లు వేస్తున్నాడు, ఆర్పుతున్నాడు. ఎడమకి వస్తున్నాడు, సందు దొరక్క మళ్ళీ వెనక్కి తగ్గుతున్నాడు.

స్టీరింగ్ ముందు కూర్చున్న డ్రిల్లు మాస్టారు మాత్రం నారింజ తొన ఒకటి నోట్లో వేసుకున్నారు.

"ఇవాళ ఇంత శాంతమేంటండీ? మామూలుగా అయితే ఈపాటికి వాడి ఏడు తరాలనూ పలకరించి ఉండేవారు," అంది పక్కనున్న భార్య.

"వాడి గోల వాడిది. మనకెందుకే?"

ఉద్యోగం విరమించినా నోటికి విరమణ ఇవ్వని మనిషి ఆయన. ఇవాళ మాత్రం గొడవలు పెట్టుకునే తీరిక లేదు. మధ్యాహ్నం పన్నెండు లోపు ఈ కారు బావమరిది ఇంటి గేటు ముందు ఉండాలి. లేకపోతే రేపే తుక్కు కొనేవాడికి అప్పగించాలి.

పందెం కట్టింది బావమరిదే. "నీ డొక్కు కారు నూట ఇరవై కిలోమీటర్లు వచ్చిందంటే, ఇంకెప్పుడూ దాన్ని డొక్కు అనను బావా," అని ఫోన్లో పగలబడి నవ్వాడు. ప్లీడరు కదా, నోటిమాటతో ఊరుకోలేదు. షరతులు కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపాడు. కారు పన్నెండు లోపు గేటు ముందుండాలి. స్టీరింగ్ ముందు బావే ఉండాలి. దారి పొడుగునా ఆ సీట్లో ఇంకొకరు కూర్చోకూడదు. సాక్షి అక్క. మాస్టారు పౌరుషానికి పోయి సరేననేశారు.

ఆ కారంటే ఆయనకు ప్రాణం. కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. ఆ పిల్ల బడికీ, కాలేజీకీ, మొదటి ఉద్యోగానికీ వెళ్ళింది అందులోనే. 

పొద్దున బయల్దేరడంలోనే రెండు గంటలు ఆలస్యమైంది. ఇప్పుడు ముందు లారీ ఆగింది. కారూ ఆగింది.

రోడ్డు పనులు. సగం రోడ్డు తవ్వేశారు. మిగతా సగంలో ఒకసారి ఇటు బళ్ళు, ఒకసారి అటు బళ్ళు. తారు వాసన ముక్కు బద్దలు కొడుతోంది. ఎర్రజెండా పట్టుకున్న కూలీ ఒకడు నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపు బాబూ?" మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగారు.

జెండా మనిషి ఆయన్ని చూసి వస్తున్న నవ్వు ఆపుకున్నాడు. "అటు బళ్ళన్నీ వచ్చేదాకా సార్. ఈలోగా దిగి నీడలో కూర్చోండి."

"దిగనులే. దిగితే మళ్ళీ ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవు."

భార్య విసనకర్రలా న్యూస్‌పేపరు ఊపుకుంటోంది. "పొద్దున్నుంచీ ఈ లారీ వీపు తప్ప ఇంకోటి చూసిన పాపాన పోలేదు."

"లారీని నమ్ముకున్నవాడు చెడిపోడే."

పదకొండూ ఐదు. ఇంకా ఇరవై కిలోమీటర్లుంది.

సరిగ్గా అప్పుడే ఎర్రకారువాడికి ఓపిక చచ్చిపోయింది. వరస తప్పించి, అందరినీ దాటేసి, ఆ సగం రోడ్డులోకి దూరిపోయాడు. వాడి వెనకే ఇంకో ఇద్దరు బుద్ధిమంతులు. ఎదురుగా పాలవ్యాను. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరికొచ్చి ఆగారు.

"నువ్వు వెనక్కి పో!"

"నేనెందుకు పోతాను? నువ్వే పో!"

జెండా మనిషి జెండా ఎంత ఊపినా పట్టించుకునే నాథుడు లేడు. నిమిషాలు గడిచిపోతున్నాయి. పదకొండూ పదిహేను అయ్యేసరికి మాస్టారికి నారింజ చేదెక్కింది. ఇక కారు పోయినట్టే అనుకున్నారు.

తల బయటపెట్టి చూశారు. ఆయన కూర్చున్న చోటి నుంచి ఎవరు ఎటు జరగాలో అంతా అరచేతిలో ఉసిరికాయలా కనిపించింది. జేబులోంచి ఈల తీశారు. ముప్పై ఏళ్ళు బడి మైదానాలను గడగడలాడించిన ఈల.

ఒక్క ఊదు ఊదారు.

"పోలీసు!" అన్నారెవరో. ఎర్రకారువాడు గతుక్కుమని ముందుగా సీటు బెల్టు పెట్టుకున్నాడు.

"ఎర్రకారూ, వెనక్కి! ఇంకా, ఇంకా... ఆగు! పాలవ్యానూ, ఎడమకి జరుగు! నీలం కారూ, నవ్వింది చాలు, వెళ్ళి వరసలో నిలబడు!"

ఐదు నిమిషాల్లో దారి తెరుచుకుంది. జెండా మనిషి ఎర్రకారుని వరస చివరికి తోలాడు. వాడు పోతూ పోతూ మెడ పైకెత్తి, ఖాకీ బట్టల కోసం వెతికి, మాస్టారి పూలచొక్కా చూసి పళ్ళు నూరాడు. మాస్టారు మర్యాదగా చెయ్యి ఊపారు.

పదకొండూ యాభై రెండుకి గేటు ముందున్నారు.

ప్లీడరు చేతిలో వాచీతో బయటికొచ్చి, అక్కడే కొయ్యబారిపోయాడు.

"సాక్ష్యం చెబుతున్నా వినరా తమ్ముడూ," అంది అక్క కిటికీలోంచి. "ఈ సీట్లో మీ బావ తప్ప ఇంకో పురుగు కూడా కూర్చోలేదు."

ప్లీడరు తాను రాసిన కాగితం తీశాడు. పైనుంచి కిందిదాకా చదివాడు. తిరగేసి, వెనకేమైనా రాశానా అని కూడా చూశాడు.

"సార్, కాస్త గట్టిగా పట్టుకుని కూర్చోండి," అన్నాడు లారీ డ్రైవరు, చక్రాలకు బిగించిన గొలుసులు విప్పుతూ, "మీ కారుని నా లారీ మీంచి కిందికి దించుతున్నా."