పసుపు చుక్క

కొత్త బండి ముందు ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని చక్రంలోకి తొంగి చూస్తున్నాడు.

షాపు లోపల కళ్ళజోడు అద్దం అరగదీస్తున్న భూతద్దానికి ప్రాణం చివుక్కుమంది. పని అక్కడే వదిలేసి బయటికొచ్చాడు.

వెంట్రుక వాసి తేడా ఉన్నా పట్టేస్తాడని షాపులో అతనికి పెట్టిన పేరది.

బండి కొని వారం కాలేదు. నల్లటి స్పోర్ట్స్ బండి. ఎక్కితే ఒళ్ళు దానంతటదే ముందుకు వంగుతుంది. యాక్సిలరేటర్ కాస్త తిప్పితే చాలు, లాగి విడిచిన రబ్బరులా దూసుకుపోతుంది. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ ముందు బండి చూపించి, తర్వాతే కళ్ళజోళ్ళు చూపించాడు. చూపు ఆననివాళ్ళు కూడా బాగుందన్నారు.

వంకలంటే రెండే. పట్టు కాస్త వదులు చేస్తే ఎడమవైపుకి లాగుతోంది. తాళంచెవి ఒకటే ఇచ్చారు.

"కొత్త కదా, నీ చెయ్యి అలవాటుపడాలి. రెండో తాళంచెవి కంపెనీ నుంచి రావాలి" అన్నాడు బావ.

షోరూములో బండి అమ్మింది ఆ బావే. అమ్మా నాన్నా పోయాక పెంచింది అక్కా బావలే. బావ మాటంటే భూతద్దానికి వేదవాక్కు.

ముసలాయన మెల్లగా లేచాడు. పక్కనున్న టైర్ల షాపులో కొత్తగా పనికి చేరిన మనిషి.

"బాబూ, ఇది ఎడమవైపుకి లాగుతోందా?"

"మీకెలా తెలుసు?"

"ఇది పడి దెబ్బతిన్న బండి. నడపకు. వెనక్కిచ్చెయ్."

భూతద్దం అక్కడే నిలబడి బావకి ఫోన్ చేశాడు. బావ ఆనవాళ్ళన్నీ అడిగాడు. ఆ ముసలాడు ఒకప్పుడు తమ షోరూము మెకానిక్కేననీ, దొంగతనం చేస్తే తీసేశామనీ, ఆ కక్షతో బండి కొన్నవాళ్ళ మనసులు విరిచేస్తున్నాడనీ చెప్పాడు.

"నా మీద నమ్మకం లేదట్రా?" అన్నాడు చివర్లో.

అడిగినందుకే సిగ్గుపడ్డాడు భూతద్దం.

మర్నాడు ముసలాయన, "ఇది నీది బాబూ" అంటూ ఒక కవరు ఇవ్వబోయాడు. మీ సంగతి నాకు తెలుసని మొహం మీదే చెప్పి, తీసుకోకుండా లోపలికి వెళ్ళిపోయాడు భూతద్దం.

మూడో రోజు మధ్యాహ్నం ముసలాయన ముందు చక్రం దగ్గర పానాతో దొరికిపోయాడు.

భూతద్దం ఒంటికాలి మీద లేచాడు. పానా లాక్కున్నాడు. చెయ్యి పట్టుకుని టైర్ల షాపులోకి లాక్కెళ్ళి, దొంగని పనిలో పెట్టుకున్నారని నలుగురిలో యజమానిని దులిపేశాడు. ముసలాయన చేతులు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

చక్రం దగ్గర ఒక బోల్టు మీద ఇంకా ఆరని పసుపు రంగు చుక్క కనిపించింది. కొత్త బండి పాడుచేశాడని తిట్టుకుంటూ గోటితో గీకాడు. పూర్తిగా పోలేదు.

నెల గడిచినా బండి లాగడం మానలేదు. బావ అలవాటవుతుందనడం మానలేదు. చివరికి విసుగొచ్చి వీధి చివర మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు.

మెకానిక్కు ముందు భాగం విప్పి, తలెత్తి చూశాడు.

"దీన్ని కొత్తదని అమ్మారా సార్? ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగితే సాగగొట్టి, పైన రంగేశారు."

బండి పోయినా భూతద్దం అంత బాధపడేవాడు కాదు. పెంచిన చెయ్యే గొంతు కోసింది. ఆ చేతిని నమ్మి, నిజం చెప్పిన మనిషిని తను వీధిలోకి ఈడ్చాడు.

మెకానిక్కు లైటు దగ్గరగా పట్టుకున్నాడు. "బ్రేకుని పట్టి ఉంచే ఈ బోల్టు మాత్రం ఎవరో కొత్తది వేశారు. వేయకపోతే మీరివాళ ప్రాణాలతో వచ్చేవారు కాదు."

అని ఆగిపోయాడు. గీకగా మిగిలిన పసుపు మీద వేలు పెట్టాడు.

"ఇది మా గురువుగారి చుక్క. తాను బిగించిన ప్రతి బోల్టుకీ పెడతారు. పెట్టారంటే దానికి పూచీ ఆయనదే."

"ఆయనెక్కడున్నారు?"

టైర్ల షాపులో కూడా దొంగ అన్నాక ఇంకెవరూ పనివ్వలేదట. ఊరొదిలి వెళ్ళిపోయాడట. ఎక్కడికో శిష్యుడికీ చెప్పలేదు. ఎడమవైపుకి లాగే నల్ల బండి ఎప్పుడైనా వస్తే ఇమ్మని ఒక కవరు మాత్రం వదిలి వెళ్ళాడు.

ఆ రోజు వద్దన్న కవరే. లోపల మూడో రోజు బండి నుంచి విప్పిన పగిలిన బోల్టు, ఒక తాళంచెవి ఉన్నాయి.

భూతద్దం తాళంచెవిని బండికి పెట్టి తిప్పాడు. తిరిగింది.

"ఇంతకీ షోరూములో ఆయన ఏం దొంగిలించారు?" అని అడిగాడు.

"ఈ బండి తాళంచెవులే సార్. పడిన బండిని ఎవరికీ అమ్మకూడదని రెండూ దాచేశారు, వెతికితే వాళ్ళకి ఒక్కటే దొరికింది."