ఖంగుమన్న బండ

బడి వరండా ముందు పేర్చిన బండలను ఎవరో వంగి, వేలి కణుపుతో ఒక్కొక్కటే తట్టి చూస్తున్నాడు.

నిరోషా టీచరుకు ఒళ్లు మండింది. ఎనిమిదికల్లా వచ్చి బండలు పరుస్తానని ఫోన్‌లో చెప్పిన మేస్త్రీ పదకొండింటికి తీరిగ్గా దిగాడన్నమాట.

"ఏం మేస్త్రీ, గిప్పుడా వచ్చుడు?"

అతను ఉలిక్కిపడి లేచాడు. యాభై దాటి ఉంటాయి. నలిగిన చొక్కా, మోచేతుల దాకా బండల దుమ్ము.

"మేడమ్, నేను..."

"సాకులు నాకొద్దు. వికారాబాద్ నుంచి సంగీతం సారు వస్తుండు. ఆయనొచ్చే వరకు వరండ మంచిగ కనబడాలె."

అతను ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది.

నిజానికి ఆ కోపమంతా మేస్త్రీ మీద కాదు. బడికి వాయిద్యాలు మంజూరయ్యాయి. కీబోర్డా, పిల్లనగ్రోవులా, డప్పులా? ఏదో ఒకటే రాసి సాయంత్రం నాలుగులోపు పంపాలి. మళ్లీ మార్చుకునే వీలు లేదు. తప్పు రాస్తే ఆ వాయిద్యం అద్దాల బీరువాలో పడుంటుంది, నలభై మంది పిల్లలు అద్దంలోంచి చూస్తూ ఉంటారు.

ఆమె పాడితే ఇంట్లోవాళ్లే తలుపులు వేసుకుంటారు. అలాంటి మనిషికి ఈ ఎంపిక! సలహా చెప్పాల్సిన సారు జాడే లేదు. విసుగొచ్చి కాగితం మీద 'కీబోర్డు' అని రాసేసింది.

పన్నెండింటికి బయట 'టింగ్' మంది.

వెళ్లి చూస్తే ఒక్క బండా పరవలేదు. ఏడు చిన్న ముక్కలు ఏరి, రెండు తాళ్ల మీద వరసగా పెట్టాడు. చుట్టూ పిల్లలు ఈగల్లా మూగారు.

నాలుగో తరగతి మహెక్, హాజరు పలకడానికే నోరు విప్పని పిల్ల, కట్టెపుల్లతో ఒక్కో ముక్కనూ కొడుతూ, "స... రి... గ..." అని గొంతెత్తి పాడుతోంది.

నిరోషాకు కళ్లు చెమర్చాయి.

"గిది ఎవరు నేర్పిన్రు మీకు?" అని అతన్ని అడిగింది.

"మా నాయిన గనిల బండ కొట్టేటోడు మేడమ్. ఖంగుమంటె మంచిది, బొద్దుమంటె పగులుందని చెప్పేటోడు. చిన్నప్పటి సంది తట్టుడు అలవాటైంది."

ఆమెకు ఎందుకో అడగాలనిపించింది.

"మరి పిల్లలకు కీబోర్డు మంచిదే గదా?"

"ఒక్క కీబోర్డు, నలుబై మంది పోరగాండ్లు. ఒకరు వాయిస్తె తక్కినోళ్లు చూసుడే. తలా ఒక పిల్లనగ్రోవి ఇప్పియ్యుండ్రి. అడ్డంది గాదు, చిన్న నోళ్లకు లొంగది. జాతరల అమ్మే నిలువుది. ఊదంగనే పలుకుతది."

"సంగీతం సారు గూడ గిదే అంటడా?"

"ఇదే అంటడు," అన్నాడతను నవ్వుతూ.

చాయ్ తాగి, ఆమె గుడ్లురిమితే పిల్లల సాయంతో మూడు బండలు పరిచాడు. మూడూ మూడు దిక్కులు చూస్తున్నాయి.

"పాట మస్తు వస్తది గని, పని మాత్రం రాదు మీకు!" అంది నిరోషా.

"నిజమే మేడమ్," అని ఒప్పుకుని, మూడింటి బస్సెక్కాడు.

"రేపన్న ఎనిమిదికి రాండ్రి!" అని ఆమె వెనక నుంచి అరిచింది. అతను కిటికీలోంచి చెయ్యూపాడు.

నాలుగవడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి. వరండాలో మహెక్ ఇంకా బండలు మోగిస్తూనే ఉంది. నిరోషా 'కీబోర్డు' కొట్టేసి, 'నిలువు పిల్లనగ్రోవులు, నలభై' అని రాసింది. మేస్త్రీ మాటకు విలువిచ్చిన తన పెద్ద మనసుకు తానే మురిసిపోయింది.

కింద ఇంకో గడి మిగిలింది: సంగీత నిపుణుడి అభిప్రాయం.

'సారు రానే లేదు. ఇలాంటి బాధ్యత లేని మనుషులను మా బడికి ఇక పంపవద్దు' అని కసిదీరా రాసి, ఫొటో తీసి వికారాబాద్ ఆఫీసుకు పంపేసింది.

ఫోను పక్కన పెట్టేలోపే మోగింది.

"సలామ్ మేడమ్, బండల మేస్త్రీ ముర్తుజాను. జర మాఫ్ చేయుండ్రి, బండి ఖరాబై ఇయ్యాల మీ బడి దిక్కు రానే లేకపోయిన."