ఆఖరి తొమ్మిది వందలు

"ఆగకు తల్లీ, ఆగకు! ఇంకా రెండు ఫర్లాంగులే!"

ఫెర్డీ లెజామా వంటింట్లో నిలబడి ఫోను మీదకు వంగి బతిమాలుకుంటున్నాడు, ఎక్కడో ఇంగ్లండులో పరుగెడుతున్న గుర్రానికి తన మాట వినబడుతుందన్నట్టు. అక్కడ మధ్యాహ్నపు రేసు. ఇక్కడ అరీమాలో ఇంకా ఉదయం పదకొండు కాలేదు. తెరమీద నాలుగో గుర్రం సిల్వర్ కెటిల్ అన్నిటికంటే ముందుంది.

పందెం కాయడానికి ఇంతకంటే మంచి క్షణం రాదు. మంగలి కార్లైల్ దగ్గర ముందే డబ్బు కట్టినవాళ్లు, అతని మేనల్లుడు చేసిన యాప్‌లో, గుర్రాలు పరుగెడుతుండగానే ఒకరితో ఒకరు పందెం వేసుకోవచ్చు. పేర్లుండవు, నంబర్లే. ఫెర్డీది ఆరో నంబరు. "నాలుగు గెలుస్తుంది. తొమ్మిది వందలు" అని కొట్టాడు. ఇంటి కప్పు రేకులకని డబ్బాలో దాచిన సొమ్ములో అవే ఆఖరివి.

"గెలవదు" అంటూ వెంటనే ఎవరో పట్టేశారు. చూస్తే, పదకొండో నంబరు.

"నీ పాడె గట్ట, మళ్లీ నువ్వేనా!" అన్నాడు ఫెర్డీ. "ముందున్న గుర్రాన్ని గెలవదంటాడేంటి వీడు? వీడి కళ్లు గానీ ఇంగ్లండులో ఉన్నాయా?"

మూడు వారాలుగా ఇదే వరస. ఫెర్డీ దేని మీద కాసినా ఎదురు నిలిచేది పదకొండో నంబరే. ఊడ్చుకుపోయేదీ ఆ నంబరే.

పెరట్లో భార్య ఇనెజ్ బట్టలారేస్తూ, రోజూలాగే ఇంగ్లండులోని అక్క ఆగ్నెస్‌తో ఫోనులో మాట్లాడుతోంది. "సరే అక్కా, సరే" అంటూ కిలకిలా నవ్వుతోంది. పాపం, ఏమీ తెలియదనుకున్నాడు ఫెర్డీ.

అంతలో బయటి వైపు నుంచి ఎర్ర గుర్రమొకటి దూసుకొచ్చింది. "వద్దు... వద్దమ్మా... వద్దు" అని ఫెర్డీ అంటుండగానే సిల్వర్ కెటిల్‌ను దాటేసి గీత దాటింది.

అతను నేలమీద కూలబడ్డాడు. రాత్రి కురిసిన వానకు పక్కన బకెట్లో కప్పునుంచి చుక్కలు ఇంకా టపటపా పడుతున్నాయి. వానలు మొదలయ్యాయి. ఇవాళే రేకుల లారీ వస్తుంది. డబ్బు చేతిలో పడితేగాని ఒక్క రేకూ దించరు. ఇంకోసారి గుర్రాల జోలికి వెళితే పిల్లను తీసుకుని టొబాగోలో పుట్టింటికి పోతానని ఇనెజ్ ఎప్పుడో తేల్చి చెప్పింది. అన్నమాట తప్పే మనిషి కాదు. ఫెర్డీకి ఏడుపు తన్నుకొచ్చింది.

వీధిలో హారన్ మోగింది.

"ఏమయ్యా, రేకులొచ్చాయి! డబ్బా పట్టుకురా!" అని ఇనెజ్ గేటు దగ్గర్నుంచి కేకేసింది.

ఫెర్డీ డబ్బా పట్టుకొచ్చాడు. మూత తీసే ధైర్యం లేక అలాగే ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇందులో ఏం లేదు ఇనెజ్. అంతా గుర్రాల పాలు చేశాను. తిట్టు, కొట్టు. పిల్లను తీసుకుని మాత్రం పోవద్దు."

"అంతా పోయిందా?"

"అంతా. ఇందాకటి తొమ్మిది వందలతో సహా."

"సిగ్గులేదయ్యా నీకు?"

లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మీ తగువు తర్వాత పడండి అక్కా. దించాలా, వెనక్కి తిప్పాలా?"

"దించు తమ్ముడూ" అంటూ ఇనెజ్ ఏప్రన్ జేబులోంచి నోట్లకట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

ఫెర్డీ నోరు తెరిచాడు. పైనున్న నోటు మీద పచ్చరంగు మరక. గేటుకు రంగేస్తూ తన చేత్తోనే అంటించాడు. ఆ నోటు కిందటి వారం కార్లైల్‌కు కట్టేశాడు.

"ఇది... ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"రేసు మన ఫోనులోకి వచ్చేసరికి, ఆగ్నెస్ ఇంట్లో టీవీలో అయిపోయి అర నిమిషమవుతుందయ్యా, పిచ్చి మొగుడా!"

డ్రైవరు డబ్బు లెక్కపెట్టి, "తొమ్మిది వందలు తక్కువయ్యాయక్కా" అన్నాడు.

"వీధి చివర కార్లైల్ దగ్గర తీసుకో తమ్ముడూ" అంది ఇనెజ్. "పదకొండో నంబరు డబ్బులని చెప్పు, ఇచ్చేస్తాడు."