తుల్సీబాయి ముఖం

తుల్సీబాయి మళ్లీ ముసుగు లాగింది.

మోరిత కుంచె కింద పెట్టాడు. అతను గీసే జపాన్ పద్ధతి బొమ్మకు రాతిపొడి రంగుల్ని జిగురులో కలపాలి. ఫుకువోకాలో ఆ జిగురు రోజుల తరబడి నిలిచేది. మహబూబాబాద్ ఎండకు పూటలోనే వాసన కొడుతుంది. పొద్దున కరిగించినది ఇక పారబోయాల్సిందే.

"జర ముసుగు తియ్యమను," అన్నాడు ప్రియతో. తండాకు వచ్చాక నేర్చుకున్న తెలుగు అతనిది.

ప్రియ తల్లితో లంబాడీలో ఏదో అంది. తుల్సీబాయి గుంజకు కట్టిన మేక వైపు తిరిగింది.

"చాయ్ గట్టు మీద పెట్టిన. చల్లారుతది," అని మేకతో చెప్పింది.

"మేక చాయ్ తాగది," అన్నాడు మోరిత.

ముసుగులోంచి నవ్వు వినిపించింది. ముసుగు మాత్రం తొలగలేదు. ఆమె లేచి లోపలికి పోయింది.

పక్కింటి గంగి గోడ మీదుగా చూస్తోంది.

"ఏం నాయినా, ముసుగు గీయనీకి జపాన్ నుంచి రావాల్నా? నన్ను గీయి. పండ్లు లేకున్నా నాకు మొహమున్నది."

"నిన్ను గీసిన గదా అవ్వా."

"ఇంకోపాలి గీయి. మొన్నటిదాంట్ల ముసల్దాని లెక్క ఉన్న."

గంగి ముసుగు లేకుండానే కూర్చుంది. ఆమె కోడలూ అంతే. తండాలో బొమ్మకు కూర్చోమని అతను అడిగితే కాదన్న ఆడమనిషి లేదు, తుల్సీబాయి తప్ప. అతను ఉంటున్నది వాళ్లింట్లోనే.

గది గోడకు ఆనించిన కాగితం మీద ఆ ఇల్లే ఉంది. మంచం మీద చుట్ట కాలుస్తున్న ముసలి టీక్యా, మందు పంపు బాగుచేస్తున్న అతని కొడుకు మాన్‌సింగ్, ఫోన్ చూస్తున్న మనవరాలు ప్రియ. మక్కలు ఒలుస్తున్న మాన్‌సింగ్ భార్య తుల్సీబాయికి చేతులున్నాయి, గాజులున్నాయి, ముఖం లేదు. అక్కడ కాగితం తెల్లగా ఉంది. అది పూర్తయితే ఈ ఇంటివాళ్లకే ఇచ్చి, ఇక్కడే ఉండిపోదామని మోరిత ఆలోచన. ఫుకువోకాలో ఇల్లు అమ్మేసి వచ్చాడు.

ఆమె ముఖం అతనికి తెలియనిది కాదు. మొదట్లో చాయ్ చేతికిచ్చేది. తెలుగు తప్పు మాట్లాడితే ఎదురుగా నిలబడి వెక్కిరించేది. గుర్తున్న ముఖాన్ని గీసి చూశాడు. ఇష్టం లేని మనిషి ఇంట్లో దొంగతనం చేసినట్టు అనిపించి కడిగేశాడు.

టీక్యా చనిపోయాక ఇది మొదలైంది. ఆ రోజు మాన్‌సింగ్ అతని చెయ్యి పట్టి లాక్కుపోయి, పాడె ముందు కొమ్మును అతని భుజానికెత్తాడు. మోరిత మోశాడు. తర్వాత పెద్దలు చెప్పినట్టల్లా చేశాడు. ఎక్కడో తప్పు చేశాడు. చెప్పులతో పోకూడని చోటికి పోయాడా? ముట్టకూడనిది ముట్టాడా? దినాలు అయిపోగానే ఆమె ముసుగు వేసుకుంది. అతనితో మాట మానేసి మేకతో మొదలుపెట్టింది.

ఒకసారి మాన్‌సింగ్‌నే అడిగాడు.

"తుల్సీబాయికి నా మీద కోపమా?"

"కోపమెందుకన్నా?"

"మరి ముసుగు?"

"వేస్కోనీ. గదేంది, గట్ల అడుగుతవ్?" మాన్‌సింగ్ సిగ్గుపడినట్టు నవ్వి, మిర్చి ఆరబోసిన కల్లం వైపు పోయాడు.

శుక్రవారం హైదరాబాద్ నుంచి ఒక కుర్రవాడు కెమెరాతో వచ్చాడు. మోరిత బోరింగు దగ్గర గిన్నెలు కడుగుతూ చూశాడు. కుర్రవాడు అడగ్గానే తుల్సీబాయి ముసుగు వెనక్కి తోసింది. గడ్డం మీద పచ్చబొట్టు చూపించింది. నవ్వింది. అటు తిరగమంటే తిరిగింది.

మోరిత గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఆమె చెయ్యి ముసుగు మీదికి పోయింది.

ఆ సాయంత్రమే జనగామలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి గది మాట్లాడుకున్నాడు. కాగితాన్ని చుట్ట చుట్టాడు. రంగులు పెట్టెలో సర్దాడు. మర్నాడు రైల్వే స్టేషన్‌కు పోవడానికి దేవేందర్ ఆటో వాకిట్లోకి వచ్చేసరికి, మాన్‌సింగ్ కల్లం నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"గీ పెట్టెలేంది అన్నా? యాడికి?"

"జనగామ. గది దొరికింది."

"గీడ గది లేదా? ఎవడేమన్నడు చెప్పు. వాని సంగతి చూస్త."

"ఎవరు ఏం అనలే."

తుల్సీబాయి గుమ్మంలోకి వచ్చింది. ముసుగు రొమ్ము దాకా ఉంది.

"అన్నం వండిన. తినకుంట పోతరా అని అడుగు," అంది మేకతో.

మోరిత పెట్టె ఎత్తబోయి ఆగాడు. తండాలో అతను గొంతు పెంచడం అదే మొదలు.

"మేకతోని కాదు, నాతోని చెప్పుమను! పట్నం పిలగానికి మొహం చూపించింది. కూరగాయలమ్మేటోనికి చూపిస్తది. ఈ దేవేందర్‌కు చూపిస్తది. నేనొక్కణ్నే పరాయోణ్నా? ఏం తప్పు చేసిన?"

దేవేందర్ ఇంజన్ ఆపాడు. గుమ్మంలో ముసుగు కింద తల వంగింది.

ప్రియ వచ్చి మోరిత చేతిలోని పెట్టె తీసుకుంది.

"మా లంబాడోళ్లల్ల ఆడోళ్లు ముసుగేసేది మొగుని అన్న ముందటనే, పెద్దబాపు."